పర్నేదు అనే మాట

సంచీ బరువు ఎనిమిది వందల గ్రాములు దాటకూడదన్నారు. తవిటమ్మ దాన్ని చేపలు తూచే కొక్కెం త్రాసుకి తగిలించి, ముల్లు వంక చూసి, దించి, ఒక వస్తువు తీసి, మళ్లీ తగిలించింది. అప్పటికి ఐదోసారి. నూలు తువ్వాలు ఒకటి. ఎల్లాజీ తల్లి ఫొటో, చట్రం ఊడదీసినది. వాము పొట్లం. చేతి రుమాలులో చుట్టిన నాలుగు బెల్లం ముక్కలు. ఒక దువ్వెన.

"దువ్వెనేటి పెద్దమ్మా? ఏటి దువ్వుకోమంటావు?" అంటూ ఎల్లాజీ నున్నటి గుండు నిమురుకున్నాడు. కనుబొమలు తప్ప వాడి ఒంటి మీద ఎక్కడా వెంట్రుక లేదు.

"అలవాటురా. సెయ్యి దానంతట అదే ఎట్టీసినాది." దువ్వెన తీసి గూట్లో పెట్టింది. "పోనీ, ఎండు నెత్తళ్లు సిన్న పొట్లం?"

"వొద్దన్నారు. అక్కడ గాలి బయటికి పోదట. ఒకసారి వాసనెక్కితే మూడు నెల్లూ అదే పీల్సాలట."

"మంచిదే కదేటి? ఇల్లు గేపకముంటాది."

వాడు నవ్వాడు గాని, నవ్వుతూ మంచం అంచున ఒక తుంటి మీదే కూర్చున్నాడు. రెండో కాలు దూరంగా చాపి పెట్టాడు. తవిటమ్మ అది చూసింది.

ఆవిడ పెద్దాసుపత్రిలో మగవాళ్ల ఆపరేషన్ వార్డులో ముప్పై రెండేళ్లు పనిచేసింది. వరిబీజం, పేగు జారే గిలక, మూలశంక, రాళ్లు. కత్తికి ముందు మగవాడి ఒంటిని గీసి, కడిగి, సిద్ధం చేసి పంపడం ఆవిడ పని. సిగ్గుపడే మగవాళ్లు, తిట్టే మగవాళ్లు, కళ్లు మూసుకుని దండకం చదువుకునే మగవాళ్లు, అందరూ ఆవిడ చేతి కింద పడుకున్నవాళ్లే. మగవాడు ఎలా కూర్చుంటే ఎక్కడ నొప్పో ఆవిడకి తెలుసు.

"అక్కడెలాగుందిరా?" అంది.

"పర్నేదు పెద్దమ్మా."

ఎల్లాజీ ఆవిడ చెల్లెలి కొడుకు. చెల్లెలు రేపొచ్చేస్తానని కళింగపట్నం వెళ్లి తుఫానులో చిక్కుకుంది. వాడికప్పుడు నాలుగేళ్లు. అంతకు ముందే తవిటమ్మ మొగుడు పారాదీప్ వైపు వేటకి వెళ్లి, పడవతో సహా కనబడకుండా పోయాడు. ఆ రెండు సంచులూ సర్దింది తవిటమ్మే. అప్పటినుంచీ ఎవరైనా ఊరికి బయల్దేరితే ఆవిడకి అరచేతులు చెమటలు పడతాయి. సంచీలో ఏదో మర్చిపోయాననీ, అదేమిటో గుర్తొస్తే మనిషి తిరిగొస్తాడనీ ఒక పిచ్చి నమ్మకం. అందుకే ఐదుసార్లు తూచింది.

ఆ గాభరాలో పెద్దమ్మ అడగాల్సిన మాటే అడిగింది గాని, వార్డు ఆయమ్మ అడగాల్సిన మాట అడగలేదు.

*

విశాఖ రేవుకి తూర్పున, పదకొండు వందల మీటర్ల లోతులో, కరెంటు తీగల్ని కాపలా కాసే ఒక గూడు ఉంది. దాని చుట్టూ నీటి బరువు ఎంతంటే ఇనుప తొడుగు వేసుకుని పనిచెయ్యలేరు. అందుకని మనిషికి 'పొర' వేస్తారు. ఒక్క మొహం వదిలి, నెత్తి నుంచి అరికాళ్ల దాకా తోలు మీద తోలులా అంటుకునే జిగురు పొర. ఒక్కొక్కరి ఒంటికి తగ్గట్టు దాన్ని పెంచడానికి నెల్లాళ్లు పడుతుంది. ఒకసారి అంటుకుంటే తొంభై రోజులు ఊడదు. తొంభయ్యో రోజు దానంతట అదే విడిపోతుంది. దాని కింద ఒక్క వెంట్రుక మొలిచినా అక్కడ పొర లేస్తుంది. లేచిన చోట ఉప్పునీరు దారి చేసుకుంటుంది. పదకొండు వందల మీటర్ల లోతులో ఉప్పునీటికి దారి దొరకడం అంటే ఏమిటో జాలరివాళ్లకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకోసం డాక్టర్ సోమయాజులు 'చలువ' అనే లేజరు యంత్రం తయారుచేశాడు. గొట్టం కొసనుంచి ముందు చల్లటి గాలి వస్తుంది, వెంటనే వెలుగు పడుతుంది, వెంట్రుక కుదురు మాడిపోతుంది. కుర్రాళ్లు దాన్ని చురక అనేవారు. "నాకీవేళ అరవై సురకలు పడ్డాయిరా" అని ఒకడంటే, "నాకు ఎనభై, అదీ ఎక్కడనుకున్నావు?" అని ఇంకొకడు. చేతులు, ఛాతీ, వీపు అయ్యాక ఆఖరున తొడసందులు, మర్మాంగాల చోటు. అక్కడికొచ్చేసరికి హాస్యాలు ఆగిపోయేవి.

రిటైరయ్యాక తవిటమ్మని ఆ ప్రయోగశాలలోకి తీసుకున్నది అందుకే. ముందు కత్తితో గీసి సిద్ధం చెయ్యాలి, పీకకూడదు. నూనె, పౌడరు ఏదీ ఉండకూడదు. సిగ్గుపడే మగవాడిని పడుకోబెట్టాలి. అదంతా ఆవిడ పని. వెలుగు వెయ్యడం మాత్రం యంత్రం పని. గది తలుపు మూసేశాక లోపల మనిషి, యంత్రం, అంతే. యంత్రం తెలుగు వింటుంది. "ఆపు" అంటే ఆగుతుంది. "నొప్పి" అంటే వేడి తగ్గిస్తుంది. మరే మాటన్నా ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోతుంది.

ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి ఎల్లాజీతో పాటు ఆరుగురు పొర ఎక్కాలి. తవిటమ్మ పొద్దున్న తొమ్మిదికే వెళ్లి సోమయాజులు బల్ల ముందు నిలబడింది.

"బావూ, మన కుర్ర గుంటలు మాటాడిన మాటలు రాసుంటాయి కదా, అయ్యి ఒకసారి సూపించండి."

"ఇప్పుడా తవిటమ్మగారూ? మూడింటికి పొర ఎక్కిస్తున్నాం."

"అందుకే ఇప్పుడు."

ఆయన నలభై ఏళ్లవాడు, మెత్తని మనిషి. విసుక్కుంటూనే తెర తిప్పాడు. ఆఖరి చోటు కోసం జరిగిన విడతలు ముప్పై ఆరు. ప్రతి వరసకీ ఎదురుగా మనిషి అన్న మాట, దాని పక్కన రంగు చుక్క. ముప్పై ఆరూ ఆకుపచ్చే. పర్నేదు. పర్నేదు. ఊఁ, పర్నేదు. పర్నేదులెండి.

"చూశారా? ఒక్క ఎరుపు లేదు," అన్నాడు సోమయాజులు. "మొదట్లో యంత్రానికి 'పర్లేదు' ఒకటే తెలిసేది. ఇక్కడివాళ్ల యాస అర్థం కావాలని 'పర్నేదు' నేనే చేర్పించాను. హాయిగా ఉంది అనే అర్థంలో."

తవిటమ్మ ఆ ఆకుపచ్చ చుక్కల మీద వేలు పెట్టింది.

"బావూ, మా వార్డులో ఒకాయన గిలక పగిలి వొచ్చినాడు. మొకం నల్లగయిపోయి, సెమట్లు కారిపోతన్నాయి. ఎలాగుందయ్యా అంటే ఏటన్నాడో తెలుసా? పర్నేదు తల్లీ అన్నాడు. గంటలో పోయినాడు. హాయిగా ఉన్నోడు పర్నేదు అనడు. ఏటీ అనడు. ఓర్సుకున్నోడే ఆ మాటంటాడు."

"మీరు మరీ... చేతి మీద మచ్చ పరీక్ష కూడా చేశాం. చిటికెన వేలి గోరంత చోట వెలుగు వేసి, రెండు రోజులు ఆగి చూశాం. ఎవరికీ కందలేదు."

"సేతి మీద సేసినారు. మీ యంత్రం పుస్తకంలో ముప్పై ఏడో పేజీలో ఏటుందో నాను సదివినాను. ఏ సోటు కాల్సాలో ఆ సోటే సూడాలని ఉంది. మీ వెలుగు నలుపుని పట్టుకుంటాది, అవునా? సేతి తోలు మీద వెంట్రుకొకటే నలుపు. అక్కడ తోలే నలుపు. నల్లగుడ్డ మీద నల్లదారం పెట్టి, దారాన్నొకటే కాల్సమంటే మంటకేటి తెలుస్తాది?"

 అది సోమయాజులుకి తెలియనిది కాదు. అందుకే చలువ పెట్టాడు, అందుకే వేడిని మనిషి మాటకి కట్టాడు. నొప్పి పుడితే మనిషి చెప్తాడు కదా అనుకున్నాడు. ఆయన లెక్కంతా ఆ ఒక్క ఊహ మీదే నిలబడి ఉంది.

"మీరు పడుకోండి బావూ," అంది తవిటమ్మ.

"ఏమిటి?"

"బల్ల మీద పడుకోండి. లుంగీ ఇస్తాను. నా ఎదట సిగ్గేటి? మీ అంతోళ్లని నాలుగు వేల మందిని సూసినాను."

ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకే తెలియదు. బహుశా తన యంత్రాన్ని నమ్మాడు గనక. తవిటమ్మ తొడ లోపలి వైపు, నలుపు మొదలయ్యే చోట అరచెయ్యంత మేర గీసి, తుడిచి, కళ్లకి అద్దాలు పెట్టి, గొట్టం ఆనించింది. తలుపు మాత్రం మూసుకుని వెళ్లలేదు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది.

మొదటి చురక. చల్లటి గాలి, చిన్న మెరుపు.

"ఎలాగుంది బావూ?"

"బాగానే ఉంది."

నాలుగో చురకకి ఆయన కాలి బొటనవేలు ముడుచుకుంది. ఆరో చురకకి బల్ల అంచు పట్టుకున్నాడు. గదిలో కాలిన ఈక వాసన.

"ఎలాగుంది?"

"పర్లేదు," అన్నాడు సోమయాజులు.

యంత్రం ఆకుపచ్చ చుక్క వేసుకుని ఒక మెట్టు పెంచింది. అప్పుడు ఆయన నోట్లోంచి వచ్చిన కేక ఏ భాషదో యంత్రానికి తెలియలేదు. ఇంకో మెట్టు పెంచబోతుంటే తవిటమ్మ గొట్టం లాగి పక్కన పడేసింది.

ఆయన పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. కళ్లజోడు కింద నీళ్లు.

"నొప్పి అనాలని నాకు తెలుసు తవిటమ్మగారూ. ఆ మాట పెట్టినవాణ్ని నేనే. నోరు రాలేదు."

"తల్లి లాంటి దాని ఎదట, అక్కడ నొప్పి అని ఎలాగంటారు? ఆళ్లూ అంతే." తడిగుడ్డ వేసి అద్దింది. "లెగండి. మూడు కాకముందే గుంటల్ని సూడాలి."

*

పొర ఎక్కించే హాలులో ఆరుగురూ తెల్ల లుంగీలు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. డైరెక్టరు ముకుందరావు గడియారం చూసుకుంటున్నాడు.

"ఏమ్మా, ఏమిటీ గొడవ? అందరూ ఆకుపచ్చే కదా?"

"సారూ, ఒక్క పావుగంట. నానొక్క మాట అడుగుతాను. నొప్పుందా అని అడగను."

వార్డులో ముప్పై రెండేళ్లలో ఆవిడ నేర్చుకున్న విద్య అంతా ఒక్క మాటలో ఉంది. మగవాణ్ని నొప్పుందా అని అడిగితే లేదంటాడు. ఎలా ఉంది అంటే పర్లేదంటాడు. ఎక్కడ అని అడగాలి. నోరు అబద్ధమాడేలోగా చెయ్యి నిజం చెప్పేస్తుంది.

వరసలో మొదటివాడు గురువులు ముందు నిలబడింది. భారీ మనిషి, ఎప్పుడూ వేళాకోళమే. వాడి కళ్లలోకి చూస్తూ, "ఎక్కడరా?" అంది.

గురువులు చెయ్యి లుంగీ మీద ఎడమ తొడసందుకి పోయింది. పోయాక తెలుసుకుని, కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే హాలంతా చూసింది.

"నడు తెర ఎనక్కి."

ఒకరి తర్వాత ఒకరు. ఎక్కడరా? ఎక్కడ నాయనా? ఎక్కడయ్యా? అయిదు చేతులు అయిదుసార్లు అక్కడికే పోయాయి. తెర వెనక ఆవిడ చూసింది. బొబ్బలెక్కి చితికినవి, మాడి అట్టకట్టినవి. ఒకడు దాని మీద పసుపు పూసుకున్నాడు. ఒకడు రెండు వారాలుగా పెళ్లాం కంటబడకుండా తిరుగుతున్నాడు.

"ఎందుకు సెప్పలేదురా?" అంటే గురువులు తల దించుకుని, "అందరూ పర్నేదన్నారు, నానొక్కణ్నే నొప్పంటే ఏటనుకుంటారు తల్లీ?" అన్నాడు. పక్కవాడు, "నువ్వన్నావని నానూ అన్నాను రా," అన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాల్సిన మాటే. ఎవరూ నవ్వలేదు.

సోమయాజులు కుంటుకుంటూ డైరెక్టరు దగ్గరికి వెళ్లాడు. "కాలిన చోట పొర అంటుకోదండీ. ఒంటి సంగతి పైకి చెప్పేది పొరే, అంటుకోని చోటునుంచి ఆ కబురూ రాదు. వీళ్లు దిగడానికి నేను ఒప్పుకోను."

"కింద ఇద్దరున్నారయ్యా!" ముకుందరావు గొంతు చించుకున్నాడు. "ఎనభై అయిదో రోజు వాళ్లకి. వాళ్లని పైకి తెచ్చే తొట్టి తలుపు గూట్లోనుంచి వేసి వదిలేవాడు ఒకడు లేకపోతే వాళ్లు పైకి రాలేరు. కొత్త పొర పెంచడానికి నెల. ఒక్కడైనా దిగాలి."

అందరూ ఆరో మనిషి వంక చూశారు.

తవిటమ్మ ఎల్లాజీ ముందుకెళ్లి నిలబడింది. నోరు తెరిచేలోగా వాడు రెండు చేతులూ వీపు వెనక కట్టేసుకున్నాడు.

"నన్నడక్కు పెద్దమ్మా."

"ఎక్కడరా?"

వాడి భుజాలు బిగుసుకున్నాయి. చేతులు మాత్రం వీపు వెనకే ఉండిపోయాయి.

"ఎవులికైనా సూపిత్తాను గానీ నీకు సూపించను. నన్ను నీళ్లోసి పెంచినావు నువ్వు."

"డాక్టరుబావు సూత్తాడు. తెర ఎనక్కెల్లు."

"సూసి ఏటి సేస్తారు? కింద ఇద్దరున్నారు. ఆళ్లలో ఒకడి కూతురు పుట్టి నెలయింది, ఇంకా మొకం సూడనేదు." డైరెక్టరు వైపు తిరిగాడు. "నాకేటీ నేదు సారూ. నానెల్తాను. కాగితంలో ఆకుపచ్చే కదా ఉంది?"

"నానొప్పుకోను!" అని తవిటమ్మ అరిచిన అరుపుకి పొర కలిపే మనుషులు చేతుల్లో గిన్నెలు దించేశారు. "ఈడు అబద్ధమాడతన్నాడు. పొద్దున్న ఒక తుంటి మీద కూకున్నాడు. నా కళ్లతో నాను సూసినాను!"

"పెద్దమ్మా," అన్నాడు ఎల్లాజీ మెల్లిగా. "నువ్వు అయిదుగుర్ని ఆపినావు. మంచి పని సేసినావు. ఆరో వోణ్ని ఆపితే కింద ఇద్దరు పోతారు. నువ్వే సెప్పు మరి."

 ఆ ప్రశ్నకి తవిటమ్మకి ఇప్పటికీ, ఏ రాత్రీ ఏ పగలూ, జవాబు దొరకలేదు.

పొర ఎక్కేముందు వాడు సంచీ చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. "తేలిగ్గానే ఉంది. దువ్వెన ఎట్టినా పోయేది," అని నవ్వి వెళ్లాడు.

*

కింద ఉన్న ఇద్దరూ నాలుగో రోజుకి పైకి వచ్చారు. తొట్టి తలుపు వేసి వదిలినవాడు గూట్లో ఒంటరిగా ఉండిపోయాడు. మిగతావాళ్ల కాలిన గాయాలు మాని, కొత్త పొరలు పెరిగి, రెండో జట్టు దిగడానికి జనవరి ఇరవై రెండు అవుతుందన్నారు.

తవిటమ్మ ఇంటికి పోలేదు. పోయినా పొద్దున్నే వచ్చేది. కిందికి మాట్లాడే గదిలోకి ఆయాల్ని రానివ్వరు. తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చునేది. రోజూ ఆరున్నరకి లోపలివాళ్లు అడిగేది వినబడేది. "ఎల్లాజీ, ఎలా ఉంది?" గరగరమని సముద్రం అడుగునుంచి జవాబు. "పర్నేదు సార్." తలుపు అద్దంలోంచి ఆకుపచ్చ చుక్క. మాటలు పట్టే యంత్రం ఈ గదిలోనూ అదే.

"ఎలా ఉంది అని అడక్కండి. ఎక్కడ అని అడగండి," అని రోజూ చెప్పింది. అడగాల్సిన ప్రశ్నలు కమిటీవారు ఖాయం చేసినవన్నారు. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కాగితం రాసింది. సోమయాజులు దాన్ని తప్పుల్లేకుండా మళ్లీ రాసి, కింద తనూ సంతకం పెట్టాడు. కమిటీ సంక్రాంతి సెలవుల తర్వాత కూర్చుంటుందన్నారు. ఆవిడ ముకుందరావు కారుకి అడ్డంగా నిలబడింది. ఆయన దిగి దండం పెట్టి, పక్కనుంచి నడుచుకుంటూ లోపలికి పోయాడు.

నలభయ్యో రోజు పొద్దున్న వచ్చిన "పర్నేదు"లో తేడా ఉంది. మాటకీ మాటకీ మధ్య వాడు ఊపిరి తీసుకున్నాడు. గదిలోవాళ్లకి అది వినబడలేదు. చుక్క ఆకుపచ్చే.

నలభై ఒకటో రోజు, ఆరున్నరకి, తవిటమ్మ స్టూలు ఎత్తి కాపలావాడి చేతిలో పెట్టి, "ఇది పట్టుకో నాయనా," అంది. వాడు పట్టుకున్నాడు. రెండు చేతులూ నిండిపోయిన కాపలావాణ్ని దాటుకుని ఆవిడ లోపలికి వెళ్లి, కుర్చీలో ఉన్నాయన మెడ మీదుగా వంగి, మైకులో అడిగింది.

"ఒరే ఎల్లాజీ. ఎక్కడరా?"

సముద్రం చాలాసేపు గరగరలాడింది.

"పెద్దమ్మా?"

"నానేరా. నన్ను నువ్వు సూడనేవు, నిన్ను నాను సూడనేను. సిగ్గేటి? సెప్పు. ఎక్కడ?"

"ఎడం పక్క. తొడసందుకాడ." ఊపిరి. "మూడు వారాలయినాది పొర లేసి. ఉప్పెక్కీసినాది పెద్దమ్మా. ఇప్పుడు కాలంతా... మండతంది. బాగా నొప్పెడతంది."

యంత్రానికి ఆ మాట తెలుసు. నలభై ఒక్క రోజుల్లో మొదటిసారి తెర మీద ఎర్ర చుక్క పడింది. మనుషులు పరిగెత్తారు. తలుపు పైనుంచే వేసి వదిలే మీట తొట్టికి ఆ నెలలోనే బిగించారు. ఖాళీ తొట్టి దించడానికి పధ్నాలుగు గంటలు పడుతుంది. దించారు. తవిటమ్మ మైకు దగ్గరనుంచి లేవలేదు. ఎవరూ లెమ్మనలేదు. వాడు చిన్నప్పటి సంగతులు ఏవో అడిగాడు, ఆవిడ చెప్పింది. ఆఖరి బెల్లం ముక్క ఇంకా ఉందని చెప్పాడు. తినీరా అంది ఆవిడ.

విచారణ కాగితం నెల తర్వాత వచ్చింది. దగ్గరి బంధువు సంతకం పెట్టాలి. అందులో రాసి ఉంది: 'కార్మికుడి నుంచి నలభై రోజుల పాటు ఎటువంటి ఫిర్యాదూ అందలేదు.' తవిటమ్మ కళ్లజోడు తుడుచుకుని, రెండుసార్లు చదివి, కలంతో ఆ వరస కొట్టేసి, పైన తన గుండ్రటి అక్షరాలతో రాసింది: 'నలభై రోజులూ ఫిర్యాదు చేశాడు. రోజుకొకసారి చేశాడు. మీకు ఆ భాష రాదు.' దాని కింద సంతకం పెట్టింది. మళ్లీ రాసుకొచ్చి సంతకం పెట్టమన్నారు. మళ్లీ కొట్టేసింది. మూడుసార్లు తెచ్చారు. మూడుసార్లూ అదే రాసింది. చివరికి ఆ వరసతోనే దస్త్రంలో పెట్టుకున్నారు.

సోమయాజులు యంత్రంలో మాటల పట్టిక తెరిచి, కుర్చీ ఆవిడ వైపు జరిపాడు. ఏ మీట ఎక్కడుందో ఆయన చూపించాడు, నొక్కింది ఆవిడ. ఇప్పుడు 'చలువ' ఏ చోటు కాల్చాలో ఆ చోటే గోరంత కాల్చి రెండు రోజులు ఆగుతుంది. గది తలుపు మూసుకోదు. మనిషి పక్కన ఇంకో మనిషి స్టూలు వేసుకుని కూర్చుంటాడు. మనిషి పర్నేదు అంటే వెలుగు ఆగిపోతుంది.

మొన్న గురువులు పడుకుని, అలవాటు చొప్పున ఆ మాటనేశాడు. యంత్రం టక్కున ఆగింది.

"ఇదేటి తల్లీ, ఆగిపోనాది? నాకు నిజంగానే పర్నేదు!"

"నిజంగా పర్నేపోతే నోరు మూసుకుని పడుకో," అంది తవిటమ్మ. గొట్టం తీసి, అక్కడ తోలు మీద వేలు ఆనించి చూసి, మళ్లీ పెట్టింది.

ఎల్లాజీ డిసెంబరు తొమ్మిదిన దిగాడు. తొట్టి జనవరి పద్దెనిమిది రాత్రి ఎనిమిదిన్నరకి గూడు చేరి, మర్నాడు ఖాళీగా తిరిగొచ్చింది. ఎల్లాజీ తిరిగి రాలేదు. మైకులో వాడి ఊపిరి ఆగింది జనవరి పద్దెనిమిది, సాయంత్రం నాలుగూ పది నిమిషాలకి.